ఎదురుచూపు చరిత్ర: చిందు యక్షగానం నుంచి పాత్రధారణ వీడియో ఆట వరకు తెలుగు అద్భుత కథాభిమాని

వ్యాససంగ్రహం

కొత్త అద్భుత పాత్రధారణ వీడియో ఆట విడుదల కోసం అభిమానులు ఏళ్ల తరబడి ఎదురుచూడటం నేటి సాంస్కృతిక జీవనంలో ఒక ప్రధాన లక్షణం. ఈ ఎదురుచూపును సాంకేతికత తెచ్చిన సరికొత్త ప్రవర్తనగా భావించడం పరిపాటి. తెలుగు ప్రాంతంలో, ముఖ్యంగా నర్మెట్ట పరిసరాలతో కూడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి సీమలో, అద్భుత కథ కోసం నిరీక్షించే సంప్రదాయానికి దీర్ఘ చరిత్ర ఉంది. చిందు యక్షగానం, ఒగ్గుకథ, పటం కథ, మజిలీ కథలు, ‘చందమామ’ ధారావాహికలు, జానపద చలనచిత్రాలు, వీడియో ఆటలు అనే క్రమంలో ఆ నిరీక్షణ స్వరూపం ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కథ కోసం ఎదురుచూసేవారికీ కథను తెచ్చేవారికీ నడుమ ఉన్న పరస్పర బాధ్యత క్రమంగా సడలిందని, అదే కాలంలో వేషం కట్టే అధికారం కళాకారుని నుంచి ప్రేక్షకునికి బదిలీ అయిందని, ఆ బదిలీ తెలుగు భాష వెలుపల జరిగిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చిందు యక్షగానం, ఒగ్గుకథ, చేర్యాల పటం, కాశీమజిలీ కథలు, చందమామ, దాసరి సుబ్రహ్మణ్యం, పాత్రధారణ ఆట, నిరీక్షణ, అభిమాని.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య చరిత్రలు కవిని, కృతిని, కృతిపతిని నమోదు చేశాయి. శ్రోతను అరుదుగా నమోదు చేశాయి. కథ వినబోయే ముందు శ్రోత గడిపిన కాలాన్ని దాదాపుగా నమోదు చేయలేదు. కథ చెప్పేవాడు రాకముందు ఊరు ఏం మాట్లాడుకుంది, పత్రిక చేతికి అందకముందు పాఠకుడు ఏం ఊహించాడు, సినిమా విడుదల కాకముందు ప్రేక్షకుడు ఏ కథ అల్లుకున్నాడు అనేవి సాహిత్య ప్రశ్నలుగా ఎదగలేదు.

పాత్రధారణ ఆటల అభిమానుల ప్రవర్తన ఈ ప్రశ్నను ఇప్పుడు అనివార్యం చేస్తున్నది. రోల్ ప్లేయింగ్ గేమ్ అని వ్యవహరించే ఈ ఆటలో ఆడేవాడు ఒక పాత్రను స్వీకరిస్తాడు. ఆ పాత్రతో మాయాలోకంలో సంచరిస్తాడు, రాక్షసులతో పోరాడతాడు, సహచరులను కూడగట్టుకుంటాడు, చేసిన నిర్ణయాలకు ఫలితం అనుభవిస్తాడు. ఇటువంటి ఆటను ప్రకటించిన నాటికీ విడుదల చేసిన నాటికీ నడుమ రెండేళ్లు, నాలుగేళ్లు, ఒక్కొక్కప్పుడు పదేళ్లు గడుస్తాయి. ఆ వ్యవధిలో అభిమానులు చేసే ఊహలు, వాదోపవాదాలు, కల్పనలు ఒక ఉపసాహిత్యంగా రూపొందుతాయి.

ఈ పరిశీలనకు నర్మెట్ట ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకోవడానికి కారణం ఉంది. జనగామ పట్టణానికి ఉత్తరాన ఉన్న ఈ మండల కేంద్రం 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో వరంగల్ జిల్లా నుంచి జనగామ జిల్లాలోకి వచ్చింది. చిందు, ఒగ్గు, పటం అనే మూడు ప్రదర్శన కళలూ ఈ పరిసరాల్లో వర్ధిల్లాయి. జిల్లా ఏర్పడటానికి సుమారు ఐదు వారాల ముందు, 2016 సెప్టెంబరు 5న, జియో సేవలు దేశంలో ప్రారంభమై చవక ధరకు అంతర్జాలాన్ని పల్లెకు చేర్చాయి. ఒకే నేలపై, ఒకే తరం కళ్లముందు, కథ కోసం ఎదురుచూసే రెండు పద్ధతులు ఎదురుపడ్డాయి.

2. ఊరి నిరీక్షణ: చిందు, ఒగ్గు, పటం

చిందు కళాకారులు మాదిగ కులానికి ఆశ్రితులు. వారి సంచారం యాదృచ్ఛికం కాదు. ఏ కుటుంబం ఏ గ్రామాల్లో ఆడాలో మిరాశి హక్కు నిర్ణయిస్తుంది. మేళం వచ్చినప్పుడు ఆదరించి కట్నం ఇవ్వడం ఊరి విధి. ఆ ఊరిని మరువకుండా వచ్చి ఆడటం మేళం విధి. ఈ ప్రాంతపు చిందు యక్షగానానికి దేశవ్యాప్త గుర్తింపు తెచ్చిన గడ్డం సమ్మయ్య జనగామ జిల్లాకు చెందినవారు. 2024లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది.

చిందు మేళం ఆడే కథలు ఊరికి కొత్తవి కావు. చెంచులక్ష్మి ఎవరిని వరిస్తుందో, సారంగధరునికి ఏమి జరుగుతుందో ప్రేక్షకులకు తెలుసు. కథలో ఏం జరుగుతుందన్న ప్రశ్న అక్కడ ప్రధానం కాదు. ఈసారి ఆ వేషం ఎవరు కడతారు, పోయినసారి ఆడినవారికన్నా బాగా ఆడతారా, రాత్రి ఏ జాముకు రాక్షసుడు రంగంలోకి దిగుతాడు అన్నవి ప్రధానం. తెలిసిన కథ కోసం ఎదురుచూడటంలో ఉత్కంఠ తక్కువని అనుకోవడం పొరపాటు. కథాంశం తెలిసి ఉండటం వల్లనే శ్రోత దృష్టి నిర్వహణ మీద నిలుస్తుంది. శ్రోత విమర్శకుడవుతాడు.

యక్షగానంలో పాత్ర ప్రవేశానికి ఒక నియమం ఉంది. ఇద్దరు తెర పట్టుకుంటారు. తెర వెనుక గజ్జెల చప్పుడు వినిపిస్తుంది. కిరీటం కొన మాత్రమే కనిపిస్తుంది. సూత్రధారి తమరెవరని ప్రశ్నిస్తాడు. పాత్ర తన పేరు, వంశం, పరాక్రమం, వచ్చిన పని దరువులో చెప్పుకుంటుంది. ప్రవేశానికి ముందున్న ఈ కొద్ది నిమిషాలు ప్రదర్శనలో భాగమే. ఎదురుచూపును కూడా కళగా మలచిన సన్నివేశమిది. పాత్రధారణ ఆటలు ఆరంభంలో పాత్ర పేరు, జాతి, విద్య, ఆయుధం నిర్ణయింపజేసే ఘట్టాన్ని దీనితో పోల్చవచ్చు.

ఒగ్గుకథలో బంధం మరొక విధంగా ఉంటుంది. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను ఒగ్గు పూజారులు పట్నం వేసి, డోలు, తాళాలతో చెబుతారు. ప్రధాన కథకుడు కథ చెబుతూనే ఒక క్షణం దేవుడవుతాడు, మరుక్షణం తల్లి అవుతాడు, వెంటనే పశువుల కాపరి అవుతాడు. వంతపాట వారు అతని మాటను అందుకుంటారు, ప్రశ్నిస్తారు, పరిహసిస్తారు. జనగామ ప్రాంతంలోని మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య ఈ కళను గ్రామపు హద్దులు దాటించి వేదికల మీదికి, ఆకాశవాణికి తీసుకువెళ్లిన కథకుడు. ఆయన 2017లో మరణించారు. ఒక్క కథకుడే పలు పాత్రలను మోయడం, శ్రోత ఆ మార్పులను వేషం సాయం లేకుండా ఊహించుకోవడం ఒగ్గుకథలోని విశిష్టత.

పూర్వం జనగామ ప్రాంతంతో కలిసి వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాలలో నకాషీ చిత్రకారులు కథా పటాలను రూపొందించారు. ఖాదీ వస్త్రంపై ఎర్రని నేపథ్యంలో కులపురాణాన్ని గడులు గడులుగా చిత్రిస్తారు. కాకిపడగల వారు, కూనపులి వారు మొదలైన కథకులు ఆ పటాన్ని వేలాడదీసి, చుట్ట విప్పుతూ కథ చెబుతారు. విప్పని భాగంలో ఏ బొమ్మ ఉందో శ్రోతకు కనిపించదు. గానం ఆ గడికి చేరాకే బొమ్మ వెలుగులోకి వస్తుంది. చూపవలసినదాన్ని కాసేపు దాచి ఉంచడం అనే ఉపాయాన్ని ఈ పటం వస్త్రరూపంలో సాధించింది.

3. వేషం ఎవరిది?

ఈ వ్యవస్థను కేవలం మధురస్మృతిగా చూడటం చరిత్ర కాదు. మిరాశి అనేది హక్కుతో పాటు కట్టుబాటు కూడా. చిందు కళాకారుడు తన ఇష్టం మేరకు మరొక ఊరికి పోలేడు. ఊరు తన ఇష్టం మేరకు ఇచ్చినది పుచ్చుకోవాలి. రాత్రి రాజు వేషం కట్టినవాడు తెల్లవారేసరికి వెలివాడ మనిషే. నిజామాబాదు ప్రాంతానికి చెందిన చిందుల ఎల్లమ్మ దేవత వేషంలో పూజలందుకున్న మహానటి. ఆ పూజ వేషానికి అందింది. ఆ వేషం ధరించిన సమాజానికి అంటరానితనం తప్పలేదు.

కాబట్టి తెలుగులో ‘వేషం కట్టడం’ అనే పలుకుబడి నిర్మలమైన ఆటను సూచించదు. దాని వెనుక కులవృత్తి ఉంది, ఆకలి ఉంది, నైపుణ్యం ఉంది. ఇంకొక విషయం కూడా గమనించాలి. చూసేవారు ఎన్నడూ వేషం కట్టలేదు. పటేలు చిందు మేళాన్ని పిలిపించగలడు, ఆదరించగలడు, అవమానించగలడు. తానే కిరీటం పెట్టుకుని గద్దె మీద ఆడడు. వీరుడు కావాలన్న కోరికను తీర్చే పనిని సమాజం ఒక వర్గానికి అప్పగించి, తాను చూస్తూ కూర్చుంది. పాత్రధారణ ఆట ఈ ఏర్పాటును తలకిందులు చేస్తుంది. అక్కడ చూసేవాడే వేషం కడతాడు. అందుకే ఆ ఆట కోసం ఎదురుచూపు, కథ కోసం ఎదురుచూపుతో పాటు, తనకు రాబోయే వేషం కోసం ఎదురుచూపు కూడా.

4. మజిలీ అనే నిర్మాణం

లిఖిత సాహిత్యం కూడా ఎదురుచూపును నిర్మాణ సూత్రంగా స్వీకరించింది. మహబూబాబాద్ జిల్లాలోని కొరవిని తలపించే ఇంటిపేరు గల కొరవి గోపరాజు 15వ శతాబ్దంలో ‘సింహాసన ద్వాత్రింశిక’ను రచించాడు. విక్రమార్కుని సింహాసనాన్ని అధిష్ఠించాలని భోజరాజు ప్రయత్నిస్తాడు. 32 సాలభంజికలలో ఒక్కొక్కటి అతణ్ణి నిలిపి, విక్రమార్కుని ఔదార్యానికి సంబంధించిన కథ చెప్పి, ఆ గుణం నీకుందా అని పరీక్షిస్తుంది. ప్రతిసారీ భోజుడు ఆగవలసిందే. ఇక్కడ ఆలస్యం అడ్డంకి కాదు, అర్హతా పరీక్ష. నేటి ఆటల్లో ఒక అంచెలో శక్తి నిరూపించుకున్న తరువాతే పై అంచె తెరుచుకోవడానికి ఇది దూరపు బంధువు.

భేతాళ కథల్లో నియమం మరింత కఠినం. విక్రమార్కుడు మౌనంగా శవాన్ని మోయాలి. సమాధానం తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనభంగమై భేతాళుడు చెట్టెక్కుతాడు. మొదటికి రావడం ఓటమి కాదు, మరో కథకు నాంది. ఓడి మళ్లీ అదే చోటు నుంచి మొదలుపెట్టే ఆటగాని సహనానికి తెలుగు వాడుకలో పేరు ఏనాడో ఉంది. పట్టు వదలని విక్రమార్కుడు అన్న మాట అతనికి చక్కగా సరిపోతుంది.

మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928) రచించిన ‘కాశీమజిలీ కథలు’ 12 భాగాల బృహత్ సంపుటి. మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ గోపుడనే పశుల కాపరిని తోడు తీసుకుంటాడు. ప్రతి మజిలీలో గోపుడు ఊరు తిరిగి ఒక వింతను చూసి వస్తాడు. దాని వెనుక కథ చెప్పమంటాడు. మణి మహిమతో సిద్ధుడు తెలుసుకుని చెబుతాడు. శ్రోత ఇక్కడ నిష్క్రియుడు కాడు. అతడు వింతను వెతికి తెస్తేనే కథ పుడుతుంది. మజిలీ విశ్రాంతి స్థలం, కథాస్థలం, మరునాటి నడకకు ప్రేరణ. కథకు బదులుగా సేవ, సేవకు బదులుగా కథ అన్న ఒప్పందం మిరాశిలోని పరస్పరతను గుర్తుకు తెస్తుంది.

5. నెలకో మజిలీ: ‘చందమామ’

1947 జులైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి ప్రారంభించిన ‘చందమామ’ ఈ మజిలీని కాలానికి అన్వయించింది. నడకలోని విరామం నెలలోని విరామంగా మారింది. 1952లో పత్రికలో చేరిన దాసరి సుబ్రహ్మణ్యం 1950ల నడుమ ‘తోకచుక్క’తో ప్రారంభించి, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’ మీదుగా 1970ల చివరి ‘భల్లూక మాంత్రికుడు’ వరకు 12 ధారావాహికలు అందించారు. వాటికి చిత్రా గీసిన బొమ్మలు కథతో సమానంగా ఆకర్షించాయి.

ఈ ధారావాహికల్లో కథానాయకులు తరచుగా జంటగా సంచరిస్తారు. ఖడ్గవర్మ, జీవదత్తుల జంటలో ఒకరిది కత్తి బలం, మరొకరిది మంత్రబలం. శిఖిముఖి, విక్రమకేసరులు అడవి, కొండ, శిథిలాలయం దాటుతూ పోతారు. వీరుడు, మాంత్రికుడు, దారిలో కలిసే సహాయకుడు, మారువేషపు శత్రువు అనే విభజన, ప్రపంచమంతటా పాత్రధారణ ఆటలు తరువాతి కాలంలో స్థిరపరచిన విభజనకు చాలా దగ్గర. ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని దీని అర్థం కాదు. యాత్రను కథగా మలచే ప్రతి సంప్రదాయానికీ ఇటువంటి పాత్రలు అవసరమవుతాయి.

చిందు ప్రేక్షకునికీ చందమామ పాఠకునికీ ప్రధాన భేదం కథాజ్ఞానంలో ఉంది. మొదటివానికి ముగింపు తెలుసు. రెండవవానికి తెలియదు. వీరుడు ప్రమాదపు అంచున ఉండగా ఆ నెల కథ ఆగిపోతుంది. మిగిలిన 30 రోజులు పాఠకుడు తన ఊహతో నింపుకోవాలి. ఊరంతా కలిసి ఎదురుచూసిన స్థితి నుంచి, ఒక్కొక్క పాఠకుడు తన ఇంట్లో ఎదురుచూసే స్థితి ఏర్పడింది. అయితే ప్రతి పాఠకుడూ కొనుగోలుదారు కాలేదు. ఒకే సంచిక పలు చేతులు మారింది. వరంగల్ ప్రాంతంలో 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వంటి సంస్థలు పాదుకొల్పిన గ్రంథాలయ సంస్కృతి, చదువును పంచుకునే అలవాటుకు పునాది వేసింది.

ఇక్కడ ఒక లోటును గుర్తించాలి. దాసరి సుబ్రహ్మణ్యం పేరు ఆ ధారావాహికలపై కనిపించేది కాదు. పత్రికే రచయిత అన్న భావన పాఠకునిలో నిలిచింది. పత్రికలో ఐదు దశాబ్దాలకు పైగా పనిచేసి 2010 జనవరిలో మరణించిన రచయితను, బాల్యంలో ఆ కథల కోసం తపించిన అభిమానులు పెద్దయ్యాక వెదికి గుర్తించవలసి వచ్చింది. చిందు మేళంలో కళాకారుని ముఖం ఊరికి తెలుసు. అచ్చులో ఆ ముఖం మరుగైంది. వందల మంది కలిసి తయారుచేసే వీడియో ఆటలో కథారచయిత మరుగు మరింత దట్టమైంది.

6. వెండితెర: ముగింపు తెలియని ఊరు

1951లో విడుదలైన ‘పాతాళభైరవి’కి కాశీమజిలీ కథల్లో మూలం ఉంది. కె. వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచనతో వచ్చిన ఈ చిత్రంలో నాయకుడు రాజకుమారుడు కాడు, తోటమాలి కొడుకు. సామాన్యుడు సాహసంతో అర్హత సంపాదించడం, మాంత్రికుడు మరణించీ సంజీవినితో తిరిగి లేవడం, ఒక విగ్రహం అధీనమైతే కోరినవి సమకూరడం తెలుగు ప్రేక్షకుల ఊహాలోకంలో స్థిరపడ్డాయి. తోటరాముడి కథ వేషాన్ని ప్రేక్షకునికి దగ్గర చేసింది. అతడు వంశగౌరవాన్ని చెప్పుకునే దరువు పాడడు. తన చేతలతో తన పరిచయం తెచ్చుకుంటాడు.

ఊరి నిరీక్షణ, పత్రిక నిరీక్షణ ఒకే చోట కలిసిన సందర్భం ‘బాహుబలి’. మొదటి భాగం 2015 జులై 10న, రెండవ భాగం 2017 ఏప్రిల్ 28న విడుదలయ్యాయి. ఈ 658 రోజుల వ్యవధిలో కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ఒక్క ప్రశ్న తెలుగు నేల దాటి దేశమంతటా చర్చనీయమైంది. చందమామ పాఠకుడు ఇంట్లో ఒంటరిగా వేసుకున్న ప్రశ్నను ఇక్కడ సమాజమంతా కలిసి వేసుకుంది. విధేయత, రాజద్రోహం, మాటకు కట్టుబడటం, దాస్యం వంటి భావాల ఆధారంగా ప్రేక్షకులు జవాబులు ఊహించారు. అవి కథలే. రచయిత చెప్పబోయే కథకు ముందు ప్రేక్షకుడు చెప్పిన కథలు. వాటిలో అధికభాగం మాటల్లోనే పుట్టి మాటల్లోనే ఇంకిపోయాయి. సాహిత్య చరిత్రకు అవి అందకుండా పోయాయి.

7. ఆట: వేషం చేతికి వచ్చిన వేళ

పాత్రధారణ ఆట మొదట వీడియో ఆట కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ బల్ల చుట్టూ కూర్చుని మాటలతో ఆడేది. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవారు పాత్రలు ధరిస్తారు, పాచికలు ఫలితాన్ని తేలుస్తాయి. కథ నడిపేవాడు యక్షగాన సూత్రధారికి సమానుడు. తరువాత ఈ సూత్రధారి స్థానాన్ని కంప్యూటరు ఆక్రమించింది. జపానులో 1986లో ‘డ్రాగన్ క్వెస్ట్’, 1987లో ‘ఫైనల్ ఫాంటసీ’ వచ్చాయి. 1988 ఫిబ్రవరి 10న ‘డ్రాగన్ క్వెస్ట్ 3’ విడుదలైనప్పుడు దుకాణాల ముందు బారులు తీరాయి. బడి ఎగ్గొట్టి వరుసలో నిలిచిన పిల్లలను పోలీసులు పట్టుకున్నారు. ఆట కోసం నిరీక్షణ ఒక సామాజిక ఘటనగా మారిన తొలి సందర్భాల్లో ఇది ముఖ్యమైనది.

నేటి నిరీక్షణకు రెండు రూపాలున్నాయి. మొదటిది సుదీర్ఘ మౌనం. ‘ఎల్డెన్ రింగ్’ను 2019 జూన్‌లో ప్రకటించారు. తరువాత దాదాపు రెండేళ్లు చెప్పుకోదగిన సమాచారమేదీ వెలువడలేదు. 2022 ఫిబ్రవరి 25న ఆట విడుదలైంది. ఆ మౌనంలో అభిమానులు ఊరుకోలేదు. ఆటలో లేని వీరులను, లేని శత్రువులను, లేని పురాణాన్ని సృష్టించి, అవి ఉన్నట్లే పరిహాసంగా చర్చించుకున్నారు. 2018 జూన్‌లో ప్రకటించిన ‘ది ఎల్డర్ స్క్రోల్స్ 6’ విషయంలో నిరీక్షణ మరింత సుదీర్ఘమైంది. ఈ వరుసలోని పూర్వపు ఆట ‘స్కైరిమ్’ 2011 నవంబరు 11న వచ్చింది. దాన్ని బాల్యంలో ఆడినవారు ఉద్యోగస్థులయ్యారు.

రెండవది ఆవృత్త నిరీక్షణ. 2020 సెప్టెంబరు 28న విడుదలైన ‘గెన్షిన్ ఇంపాక్ట్’ ఫోనులోనూ ఆడగలిగిన అద్భుత పాత్రధారణ ఆట. దానికి సుమారు ఆరు వారాలకొకసారి కొత్త భాగం జతవుతుంది. ధారావాహిక పద్ధతి ఇక్కడ పునర్జన్మ పొందింది. అయితే భేదం గమనార్హం. చందమామలో తరువాతి భాగం కొన్న ప్రతివారికీ ఒకే విధంగా అందుతుంది. ఈ ఆటలో కోరుకున్న పాత్ర దక్కడం అదృష్టపు చీటీ వంటి ఏర్పాటుపై ఆధారపడుతుంది. ఆ చీటీలకు డబ్బు వెచ్చించే మార్గం కూడా ఉంది. వేషం కోసం ఎదురుచూపు నేరుగా బేరమైంది.

మిరాశి వ్యవస్థతో పోల్చినప్పుడు మార్పు స్పష్టమవుతుంది. మేళం రాకపోతే ఊరు అడగగలదు. కట్నం ఇవ్వకపోతే మేళం నిలదీయగలదు. ఆట నిర్మాణ సంస్థ విడుదలను వాయిదా వేస్తే అభిమానికి అసంతృప్తి ప్రకటించడం తప్ప మరొక అధికారం లేదు. మరోవైపు, చిందు కళాకారుణ్ణి కట్టివేసిన కులబంధం ఇక్కడ లేదు. నర్మెట్ట వంటి మండల కేంద్రంలో ఫోను పట్టుకున్న యువతి ఏ కులానికి చెందినదైనా ఖడ్గధారిణి వేషం కట్టగలదు. తెల్లవారాక ఆ వేషానికి ఊరి ముందు మూల్యం చెల్లించనక్కరలేదు. బాధ్యత పోయింది, బంధనమూ పోయింది. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడే మార్పు విలువ తెలుస్తుంది.

ఆర్థిక భేదం మాత్రం కొనసాగుతున్నది. ఖరీదైన యంత్రాలు అవసరమైన ఆటలను కొనలేనివారు ఇతరులు ఆడుతుండగా యూట్యూబులో చూస్తారు. ఒకరు వేషం కట్టగా మిగిలినవారు చుట్టూ చేరి చూసి, ఆటతీరును విమర్శించే పాత సంబంధం కొత్త తెరపై తిరిగి ఏర్పడుతున్నది.

8. పరభాషలో వేషం

పాత్రధారణ ఆటకు భాష ప్రాణం. శత్రువు మాటలోని వ్యంగ్యం, గ్రామస్థుడు చెప్పే ఆనవాలు, శాసనంలోని సంకేతం అర్థమైతేనే నిర్ణయం సాధ్యం. పైన పేర్కొన్న ‘ఎల్డెన్ రింగ్’, ‘గెన్షిన్ ఇంపాక్ట్’లలో తెలుగు లేదు. తెలుగు అభిమాని ఎదురుచూసిన వేషం చేతికి వచ్చాక దాన్ని ఇంగ్లీషులో ధరించవలసి వస్తున్నది. చిందు మేళం పామరునికి అర్థమయ్యే మాటలో రాజును మాట్లాడించింది. దాసరి సుబ్రహ్మణ్యం ఏడేళ్ల పిల్లవానికి అందే వాక్యంలో మాంత్రికుని భయపెట్టించారు. ఆ వాక్యానికి వారసత్వం ఇక్కడ తెగిపోయింది.

ఇతర భాషల అనుభవం భిన్నమైన మార్గాన్ని చూపుతున్నది. పోలెండు రచయిత ఆంద్రే సాప్కోవ్‌స్కీ 1986 నుంచి తన భాషలో వెలువరించిన అద్భుత కథల ఆధారంగా అదే దేశపు సంస్థ సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2007లో ‘ద విచర్’ ఆటను నిర్మించింది. 2015లో వచ్చిన మూడవ భాగం ప్రపంచఖ్యాతి పొందింది. చైనాలో 16వ శతాబ్దపు నవల ‘పశ్చిమ యాత్ర’ ఆధారంగా రూపొందిన ‘బ్లాక్ మిత్: వుకాంగ్’ తొలి దృశ్యాలు 2020 ఆగస్టు 20న వెలువడ్డాయి. సరిగ్గా నాలుగేళ్లకు, 2024 ఆగస్టు 20న, ఆట విడుదలైంది. మూడు రోజుల్లో కోటి ప్రతులు అమ్ముడయ్యాయి. ఆ ఆట కోసం ఎదురుచూసిన చైనా యువకునికి నాయకుడైన వానరుడు చిన్ననాటి నుంచి తెలుసు. చిందు ప్రేక్షకుని వలె అతడు తెలిసిన కథ కోసం ఎదురుచూశాడు. నిర్వహణ ఎలా ఉంటుందన్నదే అతని ఉత్కంఠ.

తెలుగులో ఇటువంటి ప్రయత్నానికి కథల కొరత లేదు. అయితే కథాంశాలను మాత్రమే తీసుకుని, వాటిని నిలిపిన సమాజాలను విస్మరించే ప్రమాదం ఉంది. జాంబపురాణం గానీ, బీరప్ప కథ గానీ ఎవరికీ చెందని ముడిసరుకు కాదు. వాటిని తరతరాలుగా కాపాడిన చిందు, ఒగ్గు, పటం కథకుల భాగస్వామ్యం, పేరు, ప్రతిఫలం లేకుండా రూపొందే ఆట, పాత అన్యాయాన్ని కొత్త యంత్రంలో కొనసాగించినట్లే అవుతుంది. పత్రికలో రచయిత పేరు మరుగైన అనుభవం ఈ సందర్భంలో హెచ్చరికగా నిలవాలి.

9. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని విషయాలు తేలుతున్నాయి. అద్భుత కథ కోసం ఎదురుచూడటం వీడియో ఆటతో పుట్టింది కాదు. తెరపట్టు, పటపు చుట్ట, సాలభంజిక, మజిలీ, నెలవారీ సంచిక, రెండు భాగాల చలనచిత్రం అనేవి నిరీక్షణను నిర్మించిన సాధనాలు. చిందు ప్రేక్షకుడు తెలిసిన కథ నిర్వహణ కోసం, చందమామ పాఠకుడు తెలియని కథ ముగింపు కోసం, ఆటగాడు తాను ధరించబోయే వేషం కోసం ఎదురుచూశారు. ఈ క్రమంలో కథకునికీ శ్రోతకూ నడుమ ఉన్న పరస్పర బాధ్యత సడలింది. అదే సమయంలో కులం నిర్దేశించిన వేషం నుంచి ఎవరైనా ధరించగల వేషం వైపు ప్రయాణం సాగింది. లాభనష్టాలు రెండూ ఒకే మార్పులో ఇమిడి ఉన్నాయి.

పరిశోధకులకు ఇక్కడ తక్షణ కర్తవ్యం కనిపిస్తున్నది. మిరాశి గ్రామాల్లో మేళం రాకకోసం ఎదురుచూసిన తరం వృద్ధాప్యంలో ఉంది. ఆ ఎదురుచూపు జ్ఞాపకాలను, ప్రదర్శన పాఠాలతో పాటు, సేకరించవలసి ఉంది. ఆటల అభిమానులైన నేటి విద్యార్థులు అల్లుతున్న కల్పనలను కూడా సాహిత్య సామగ్రిగా గుర్తించవలసి ఉంది. కట్టప్ప ప్రశ్నకు ప్రేక్షకులు చెప్పుకున్న వేల జవాబులు నమోదు కాకుండానే పోయాయి. కథ వచ్చేలోగా జనం చెప్పుకున్న కథలకు చోటు దొరికినప్పుడే తెలుగు కథా చరిత్రలో శ్రోతకు స్థానం లభిస్తుంది.